గాలికి ఎదురు నిలిచినవాడి వాటా



ఎదురుగాలిలో సైకిలు తొక్కిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. గాలి మన ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెడుతున్నట్టే ఉంటుంది. ఎంత తొక్కినా దారి తరగదు. అలాంటప్పుడు ముందు మరో సైకిలు వెళుతుంటే, దాని వెనకాలే దగ్గరగా పోతే శ్రమ తగ్గుతుందని పసిపిల్లలకు కూడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఈ చిన్న సంగతి మీద ఒక పెద్ద ఆట ఆధారపడి ఉంది. అదే రోడ్డు సైకిలు పందెం. ఆ ఆటను కాస్త దగ్గరగా చూస్తే మన ఇళ్ళకు, మన కుటుంబాలకు నేరుగా తగిలే ప్రశ్నలు మూడు కనిపిస్తాయి. ఒకరి గెలుపు కోసం మరొకరు తమ బలాన్ని ధారపోయడం న్యాయమేనా? అలా ధారపోసినవాడికి మనం ఏమి బాకీపడతాం? అతన్ని అడగకూడనిది ఏదైనా ఉందా?

ఆటలు మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. కాని మంచిచెడ్డలు పుస్తకాల్లో కంటే ఆటల్లో తేటగా కనిపిస్తాయి. అక్కడ ఎవరు ఎంత చేశారో అందరి కళ్ళ ముందే జరుగుతుంది.

ముందున్నవాడు, వెనకున్నవాడు

సైకిలు పందెం అంటే అందరికంటే బలంగా తొక్కేవాడే గెలుస్తాడని బయటివారు తలపోస్తారు. నిజానికి అలా జరగడం తక్కువ. చదునైన రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయేవాడి శ్రమలో చాలా భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపయితే గాలిని జయించడానికి కావలసిన శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. ముందువాడి చక్రానికి జానెడు, మూరెడు దూరంలో వెనుక నడిచేవాడికి సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా శ్రమ కలిసివస్తుంది. ఇద్దరూ ఒకే వేగంతో పోతుంటారు. ఒకరు అలిసిపోతుంటారు, మరొకరు బలాన్ని దాచుకుంటుంటారు. చూసేవారికి తేడా తెలియదు.

అందుకే ఈ పందెం ఒంటరివాడి ఆట కాదు. నలుగురైదుగురు కలిసి వేగంగా పోవాలంటే వరుసగా నిలబడి వంతులవారీగా గాలిని ఎదుర్కోవాలి. ముందున్నవాడు కొద్దిసేపు తొక్కి పక్కకు తప్పుకుంటాడు. రెండోవాడు ముందుకు వస్తాడు. తప్పుకున్నవాడు మెల్లగా వెనక్కి జారి వరుస చివర చేరి ఊపిరి తీసుకుంటాడు. గాలి ఎదురుగా కాక పక్క నుంచి వీస్తే వరుస ఏటవాలుగా మారుతుంది. ఒకరి భుజం చాటున మరొకరుగా రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు వరకు విస్తరిస్తారు. రోడ్డు వెడల్పు ఎంతమందిని పట్టనిస్తే అంతమందికే ఆ నీడ. మిగిలినవారు అంచున, ఏ చాటూ లేకుండా గాలికి గురై ఒక్కొక్కరే వెనకబడిపోతారు. చోటు దొరకక వెనకబడినవారిలో బలవంతులూ ఉంటారు.

ఇక జట్టు పని. ఒక జట్టులో ఆరుగురు ఉన్నారనుకోండి. ఎవరికి చివరి రెండు వందల మీటర్లలో దూసుకుపోయే శక్తి ఎక్కువో వారిని గెలిపించాలని పందానికి ముందే మాట అనుకుంటారు. మిగిలిన అయిదుగురూ ఆ ఒక్కడి కోసం పనిచేస్తారు. గుంపును విడిచి ముందుకు దూకిన ప్రత్యర్థులను వెంటాడి పట్టుకోవడం ఒకరి పని. గాలిలో ముందు నిలబడి తమవాడిని చాటున దాచడం ఇంకొకరి పని. అతని చక్రానికి గాలి పోతే తన చక్రం తీసి ఇచ్చేవాడు ఒకడు. నీళ్ళ సీసాలు మోసుకువచ్చేవాడు మరొకడు. ముగింపు గీతకు కొద్ది దూరంలో ఉన్నంతవరకు తమవాడిని వెనక ఉంచుకుని సర్వశక్తులూ ఒడ్డి తొక్కి, ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకునేవాడు వేరొకడు. తమవాడే ఒకడు ముందుకు దూకి తప్పించుకున్నాడనుకోండి, అప్పుడు వెనుక గుంపులో ఉన్న మిగిలినవారు వెంటాడకూడదు. కాళ్ళలో బలం ఉన్నా అణచుకోవాలి. పని చేయడం ఎంత కష్టమో, చేయగలిగి చేయకుండా ఊరుకోవడమూ అంతే కష్టం.

పందెం ముగిసిన తరువాత పట్టికలో మొదటి స్థానంలో ఒక్క పేరే ఉంటుంది. అయిదుగురూ ఎక్కడో నలభయ్యో స్థానంలోనో, అరవయ్యో స్థానంలోనో ఉంటారు. కొందరు పందెం పూర్తి చేయలేక మధ్యలోనే ఆగిపోయి ఉంటారు. మరునాడు పట్టిక చూసినవాడు వారిని బలహీనులనే అనుకుంటాడు.

జీతంలేని నమ్మకం

ఈ పని జీతానికి చేసేవారు ఉన్నారు. వృత్తిగా సైకిలు తొక్కేవారికి కంపెనీ జట్లు ఉంటాయి. సహాయకుడిగా పనిచేయడమే వారి ఉద్యోగం. కాని నేను చెబుతున్నది ఔత్సాహికుల సంగతి. ఐరోపాలో, అమెరికాలో ఆదివారం ఉదయం పల్లెదారుల మీద వందలాది చిన్న పందాలు జరుగుతాయి. వాటిలో తొక్కేవారు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, మెకానిక్కులు, విద్యార్థులు. ప్రవేశ రుసుము వారే కడతారు. సైకిలు వారిదే. వేకువనే లేచి, వంద కిలోమీటర్లు ప్రయాణించి వచ్చి, సాయంత్రానికి ఇల్లు చేరి, సోమవారం పనిలోకి పోతారు. అలాంటివాడు తన సొంత సొమ్ము పెట్టి, తన సెలవు దినం పెట్టి, తాను వెనకబడిపోయి మిత్రుడిని గెలిపిస్తాడు. అతన్ని కట్టిపడేసే ఒప్పంద పత్రం ఏదీ లేదు. ఉన్నది మాట ఒక్కటే.

మాట తప్పడమూ సులువే. జట్టువాడి కోసం పనిచేస్తానన్నవాడు చివరి కిలోమీటరులో తనకే బలం మిగిలి ఉందని గ్రహించి తన గెలుపు తాను చూసుకుంటే ఎవరూ శిక్షించలేరు. నియమాలు అతన్ని తప్పుపట్టవు. కాని వచ్చే ఆదివారం అతని వెనుక ఎవరు నిలుస్తారు? ఒకసారి తమవాడినే వెంటాడినవాడిని జట్టు చాలాకాలం మరచిపోదు. జీతం ఉన్నచోట నమ్మకం లేకపోయినా పని కొంత సాగుతుంది. జీతం లేనిచోట నమ్మకం పోతే జట్టు విడిపోతుంది. ఈ లక్షణంలో ఔత్సాహికుల జట్టు కుటుంబానికి దగ్గర. మన ఇళ్ళలో కూడా ఎవరి శ్రమకూ జీతపు చీటీ లేదు గదా!

రెండు న్యాయాలు

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఒకరి చాటున దాగి, చివరిలో బయటపడి గెలవడం న్యాయమేనా? ఇది కేవలం మన సందేహం కాదు. ఇంగ్లండులో దశాబ్దాల తరబడి సైకిలు సంఘాలను చీల్చిన వివాదం ఇదే. అక్కడ గుంపుగా బయలుదేరే రోడ్డు పందాలను పాలక సంఘం అనుమతించేది కాదు. వాటికి బదులు ఒక్కొక్కరినీ వేర్వేరుగా, నిమిషానికి ఒకరి చొప్పున బయలుదేరదీసి గడియారంతో కొలిచే పద్ధతి పాతుకుపోయింది. అందులో ఒకరి వెనుక మరొకరు చేరడం నేరం. ప్రతి మనిషీ తన గాలిని తానే చీల్చుకోవాలి. అప్పుడు గాని ఎవరి బలం ఎంతో తేలదని వారి వాదన.

1942 జూన్ 7న పెర్సీ స్టాలర్డ్ అనే సైకిలు క్రీడాకారుడు ఈ కట్టుబాటును ధిక్కరించి లాంగొలెన్ నుంచి ఉల్వర్‌హాంప్టన్ వరకు 59 మైళ్ళ గుంపు పందెం నిర్వహించాడు. యుద్ధకాలం కనుక రోడ్ల మీద వాహనాలు తక్కువ. పోలీసులు సహకరించారు. పందెం ప్రశాంతంగా ముగిసింది. అయినా సంఘం ఆయనను బహిష్కరించింది. ఆయనా ఆయన అనుచరులూ అదే ఏడాది వేరే సంఘం పెట్టుకున్నారు. రెండు పక్షాలూ కలవడానికి 1959 దాకా పట్టింది.

మీరు ఎటువైపు మొగ్గుతారు? నాకైతే రెండింటిలోనూ సత్యం కనిపిస్తుంది. ఒంటరి పందెం మనిషి సొంత బలాన్ని కొలుస్తుంది. పరీక్ష హాలులో పక్కవాడి కాగితం చూడకూడదు. అక్కడ ఆ న్యాయమే సరైనది. కాని జీవితమంతా పరీక్ష హాలు కాదు. పొలం పని, ఇల్లు కట్టడం, రోగికి కాపలా ఉండడం, పిల్లలను పెంచడం, వీటిలో ఎవరి బలం ఎంతో విడదీసి కొలవడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. గుంపు పందెం రెండో రకం న్యాయాన్ని చూపుతుంది. అక్కడ ఎవరు ఎంత బలవంతుడు అని అడగరు. ఎవరు తన వంతు చేశాడు, ఎవరు ఎగవేశాడు అని అడుగుతారు.

వంతు ఎగవేసేవాడు

ఎగవేసేవాడు ప్రతి పందెంలోనూ ఉంటాడు. వేర్వేరు జట్లకు చెందిన నలుగురు గుంపును విడిచి ముందుకు పోయారనుకోండి. వారు ప్రత్యర్థులే, కాని కలిసి వంతులవారీగా గాలిని ఎదుర్కోకపోతే వెనుక గుంపు వారిని మింగేస్తుంది. ముగింపు దగ్గర పోటీపడవలసినవారు అక్కడి దాకా ఒకరికొకరు సాయం చేసుకోవాలి. ఈ నలుగురిలో ఒకడు మాత్రం తన వంతు రాగానే కాలు నొప్పి అంటాడు, ముఖం అలసటగా పెడతాడు, వరుస చివరనే వేలాడుతాడు. మిగిలిన ముగ్గురి శ్రమ మీద విశ్రాంతి తీసుకుని చివరలో అందరినీ దాటిపోతాడు.

నియమాల ప్రకారం అతను తప్పు చేయలేదు. పట్టికలో అతని పేరే మొదట ఉంటుంది. తోటివారి మనసులో మాత్రం ఆ గెలుపుకు విలువ ఉండదు. అయితే తొందరపడి తీర్పు చెప్పకూడదు. అతని జట్టువాడు వెనుక గుంపులో ఉండి, వాడినే గెలిపిస్తానని ఇతను మాట ఇచ్చి ఉంటే? అప్పుడు ముందు పనిచేయకపోవడమే ఇతని ధర్మం. ఒకడు నిజంగానే అలసిపోయి ఉండవచ్చు. కనిపించే పని ఒకటే, ఉద్దేశాలు వేరు. వెనుక వేలాడుతున్నవాడు సోమరియా, మాటకు కట్టుబడినవాడా, సత్తువ ఉడిగినవాడా అన్నది చక్రాన్ని చూస్తే తెలియదు. ఇంట్లో పని చేయని కోడలిని గురించో, డబ్బు పంపని కొడుకును గురించో మాట్లాడేముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

మరో కష్టమైన ప్రశ్న ఒంటరివాడిది. ఔత్సాహికుల పందాల్లో ఎనిమిది మంది జట్టుతో వచ్చేవారు ఉంటారు, ఏ సంఘం అండా లేక ఒక్కడే వచ్చేవాడూ ఉంటాడు. ఎనిమిది మంది జట్టులో ఒకడు దూకితే ఒంటరివాడు వెంటాడాలి. పట్టుకున్న మరుక్షణం రెండోవాడు దూకుతాడు. తరువాత మూడోవాడు. వారు వంతులవారీగా విశ్రాంతి తీసుకుంటారు, ఇతనికి విశ్రాంతి లేదు. ఐకమత్యమే బలం అని మనం పిల్లలకు నేర్పుతాం. ఆ ఐకమత్యం బయట నిలబడినవాడికి ఎలా కనిపిస్తుందో నేర్పుతున్నామా? మన కుటుంబం, మన బంధువర్గం, మన కులం ఒకరికొకరు చాటుగా నిలబడి ముందుకు పోతుంటే, ఎవరూ లేనివాడు రోడ్డు అంచున గాలిలో మిగిలిపోతాడు. దీనికి ఆటలో పూర్తి పరిష్కారం లేదు. అయితే ఒక చిన్న నియమం ఉంది. అంతర్జాతీయ సైకిలు సమాఖ్య నియమాల ప్రకారం చక్రం ఇవ్వడం, వెనకబడినవాడి కోసం ఆగడం ఒకే జట్టువారి మధ్యనే చెల్లుతుంది. కాని తిండి, నీళ్ళు వంటి చిన్న సాయాలు ఏ జట్టువాడైనా ఏ జట్టువాడికైనా చేయవచ్చు. పోటీకి హద్దు అక్కడ గీశారు. దాహం వేసినవాడు ఏ జట్టువాడని అడగనక్కరలేదు.

అవే నియమాల్లో మరొక మాట కూడా గమనించదగినది. ఎంత సొంత జట్టువాడయినా సరే, ఒకరినొకరు చేత్తో నెట్టడం నిషిద్ధం. గాలికి అడ్డు నిలవవచ్చు, చక్రం ఇవ్వవచ్చు, కాని తొక్కడం మాత్రం ఎవరిది వారే తొక్కాలి. సాయానికీ, మోసుకుపోవడానికీ ఉన్న తేడా ఇది. పరీక్ష ఫీజు కట్టే అన్నయ్య సాయం చేస్తున్నాడు. తమ్ముడి పరీక్ష తానే రాసే అన్నయ్య వాడిని నెడుతున్నాడు.

రోములో ఒక మధ్యాహ్నం

ఇంతవరకు త్యాగం గురించి మంచే చెప్పుకున్నాం. ఇప్పుడు దాని రెండో ముఖం చూడాలి.

ఒలింపిక్ క్రీడల్లో 1960 నుంచి 1992 వరకు ఔత్సాహికులకు ఒక పందెం ఉండేది. దేశానికి నలుగురు చొప్పున కలిసి సుమారు వంద కిలోమీటర్లు గడియారంతో పోటీపడి తొక్కాలి. జట్టు కాలాన్ని మొదటివాడితో కొలవరు. మూడోవాడు గీత దాటినప్పుడు కొలుస్తారు. ఎంత చక్కని నియమమో చూడండి! బలవంతుడు ఒక్కడే ముందు పరుగెత్తి లాభం లేదు. మూడోవాడిని వెంట తెచ్చుకోవాలి. నలుగురిలో ఒకడు పూర్తిగా అలసిపోతే అతన్ని విడిచిపెట్టవచ్చు. రెండోవాడిని విడిచిపెట్టడానికి మాత్రం వీలులేదు.

ఈ పందెం మొదటిసారి జరిగింది 1960 ఆగస్టు 26న, రోము నగరంలో. ఎండ తీవ్రత సుమారు 40 డిగ్రీలు. డెన్మార్కు జట్టులో ఒకతను ఎండదెబ్బ తగిలి మొదట్లోనే ఆగిపోయాడు. ఇక మిగిలినది ముగ్గురు. ముగ్గురూ చేరితేనే జట్టు చేరినట్టు. వారిలో క్నుడ్ ఎనెమార్క్ యెన్సెన్ అనే 23 ఏళ్ళ యువకుడు తల తిరుగుతోందని చెప్పాడు. సహచరులు ఇద్దరూ చెరొక పక్క చేరి అతన్ని పట్టుకున్నారు, నీళ్ళు చల్లారు. కాస్త తేరుకున్నట్టు కనిపించాడు. చెయ్యి వదిలారు. అతను కాలిపోతున్న రోడ్డు మీద పడిపోయాడు, తలకు దెబ్బ తగిలింది. ఆ రోజే చనిపోయాడు. ఉత్ప్రేరకాలు వాడారా లేదా అన్న వాదం తరువాత ఏళ్ళ తరబడి సాగింది. అధికారిక నివేదిక మాత్రం ఎండదెబ్బనే కారణంగా చూపింది.

ఆ ఇద్దరు సహచరులను నిందించడానికి నాకు నోరు రాదు. వారు అతన్ని ప్రేమతోనే పట్టుకున్నారు. యెన్సెన్ కూడా తన ఇద్దరు మిత్రుల శ్రమ వృథా కాకూడదనే తొక్కి ఉండవచ్చు. దుర్మార్గులు ఎవరూ లేరు. మూడోవాడు రావాలన్న ఆ చక్కని నియమమే, బలహీనుడిని విడవకూడదన్న ఆ నియమమే, మండుటెండలో ఆగవలసినవాడిని ఆగనివ్వలేదు. ఇది మనం తీరికగా ఆలోచించవలసిన విషయం. ఐకమత్యం రెండు విధాల మాట్లాడుతుంది. నువ్వు వెనకబడితే మేం ఆగుతాం అని ఒకసారి అంటుంది. నువ్వు ఆగితే మేమంతా పోతాం అని మరోసారి అంటుంది. మొదటి మాట మనిషిని మోస్తుంది. రెండో మాట మనిషి మీద బరువు పెడుతుంది. రెండూ ప్రేమ గొంతుతోనే వినిపిస్తాయి కనుక తేడా పోల్చుకోవడం కష్టం.

ఒక కొలత మాత్రం ఉంది. ఆగిపోతాను అని చెప్పే స్వేచ్ఛ అతనికి ఉందా? ఆ మాట అంటే జట్టు అతన్ని అలాగే ప్రేమిస్తుందా? ఈ స్వేచ్ఛ ఉన్నచోట ధారపోసిన బలం త్యాగం. అది లేనిచోట జరిగేది వసూలు. బలాన్ని అడగవచ్చు, సమయాన్ని అడగవచ్చు, పేరును వదులుకోమనీ అడగవచ్చు. ప్రాణాన్ని, ఆరోగ్యాన్ని, అంతరాత్మను అడిగే హక్కు ఏ జట్టుకూ లేదు, ఏ కుటుంబానికీ లేదు.

గిసాల్లో కొండ మీద

ఒలింపిక్స్‌లో ఔత్సాహికుల చివరి రోడ్డు పందెం 1992లో బార్సెలోనాలో జరిగింది. 1996 నుంచి వృత్తి క్రీడాకారులను కూడా అనుమతించారు. ఆ చివరి పందెంలో ఇటలీ యువకుడు ఫాబియో కసర్తెల్లి మరో ఇద్దరు ప్రత్యర్థులతో కలిసి గుంపును విడిచి ముందుకు పోయి స్వర్ణం గెలిచాడు. అతనితోపాటు ఇటలీ జెర్సీ తొడిగినవారు మరో ఇద్దరున్నారు. ఒకరు మిర్కో గ్వాల్ది, 1990లో ఔత్సాహికుల ప్రపంచ విజేత. రెండోవారు దవిదె రెబెల్లిన్. ప్రపంచ విజేత అయినవాడు కూడా ఆ రోజు వెనుక ఉండవలసి వచ్చింది. పతకం మీద పేరు ఒక్కరిదే.

మూడేళ్ళ తరువాత, 1995 జూలై 18న, టూర్ ద ఫ్రాన్స్ పందెంలో పిరెనీస్ పర్వతాల దిగుడులో కసర్తెల్లి పడి మరణించాడు. వయస్సు 24 ఏళ్ళు. భార్య, పసిబిడ్డ ఉన్నారు. మరునాడు గుంపంతా పోటీ మానుకుని మెల్లగా తొక్కింది. ముగింపు దగ్గర మిగిలినవారందరూ వెనక్కి తగ్గి, అతని జట్టువారిని ముందుగా, కలిసి, గీత దాటనిచ్చారు. నూరుమందికి పైగా ఉన్న పోటీదారుల్లో ఆ రోజు గెలవాలని చూసినవాడు లేడు.

అతని సైకిలు ఇప్పుడు ఇటలీలో కోమో సరస్సుకు ఎగువన, మాగ్రెల్యో గ్రామంలో, గిసాల్లో మరియమాత చిన్న గుడిలో ఉంది. 1949లో పన్నెండవ భక్తినాథ పోపుగారు ఈ మాతను సైకిలు తొక్కేవారి పాలకురాలిగా ప్రకటించారు. గోడల నిండా పేరు మోసిన విజేతల సైకిళ్ళు, జెర్సీలు. వాటి మధ్యనే రోడ్ల మీద ప్రాణాలు విడిచినవారి ఫోటోలు. వారిలో చాలామంది ఏ పందెమూ గెలవనివారు. గెలిచినవాడి జెర్సీకీ, గెలవనివాడి ఫోటోకీ ఒకే కప్పు. పందెం పట్టికలో లేనివారికి కూడా అక్కడ చోటు దొరికింది.

మన ఇంటి వరుస

ఇక మన ఇళ్ళలోకి రండి. చాలా కుటుంబాల్లో గాలికి ఎదురు నిలిచినవారు ఒకరుంటారు. పదో తరగతితో చదువు మానుకుని కూలికో, దుకాణానికో, దూరదేశానికో పోయి తమ్ముళ్ళను చదివించిన అన్న. తల్లి పోయిన ఇంట్లో పిల్లలను సాకి తన పెళ్ళి ముచ్చట వాయిదా వేసుకున్న అక్క. కువైట్‌లో ఎవరి ఇంట్లోనో వంట చేస్తూ ఇక్కడ తన బిడ్డ చదువుకు డబ్బు పంపే తల్లి. తమ్ముడు ఇంజనీరయ్యాడు, అతని పేరు ఊళ్ళో మారుమోగింది. అన్న నలభయ్యో స్థానంలో ఉన్నాడు. పెళ్ళి చూపులకు వచ్చినవారు పట్టిక మాత్రమే చూస్తారు. వీడు ఏమీ చదవలేదటగా అంటారు.

అలాంటివారిని చూసి జాలిపడమని నేను అనడం లేదు. సైకిలు పందాల్లో సహాయకుడిగా ఉండడాన్నే ఇష్టపడేవారు ఉన్నారు. తన మిత్రుడు చేతులెత్తి గీత దాటుతుంటే అర కిలోమీటరు వెనకనుంచి చూసి, రొప్పుతూనే నవ్వేవారు ఉన్నారు. ఆ సంతోషం నిజమైనది. దాన్ని వారినుంచి లాక్కోవద్దు. మనం అడగవలసింది వేరే. మొదట, ఆ పని వారు తెలిసి ఒప్పుకున్నారా? పదిహేనేళ్ళ పిల్లవాడిని ఎవరూ అడగకుండానే ముందుకు నిలబెట్టి, తరువాత నలభై ఏళ్ళపాటు వాడి త్యాగాన్ని పొగిడే కుటుంబాలు ఉన్నాయి. పొగడ్త అనుమతికి బదులు కాదు.

రెండవది, వంతు మారుతోందా? మంచి వరుసలో ఎవరూ ఎప్పటికీ ముందుండరు. మారని వరుస త్వరగా విరుగుతుంది. అన్న పదేళ్ళు గాలిని మోశాడు. ఇప్పుడు తమ్ముడు స్థిరపడ్డాడు. అన్న పిల్లల చదువుకు, అన్న మోకాళ్ళ వైద్యానికి ముందుకు రావలసినది ఎవరు? అన్న అడగడు. అతనికి అడగడం అలవాటు లేదు. వెనకనుంచి వచ్చినవాడే తనంతట తాను ముందుకు రావాలి.

మూడవది, గెలిచినవాడు చెప్పాడా? ఔత్సాహికుల జట్లలో బహుమతి సొమ్మును అందరూ సమానంగా పంచుకునే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది. మొత్తం చిన్నదే, ఒక్కొక్కరి వాటా పెట్రోలు ఖర్చుకు కూడా చాలకపోవచ్చు. అయినా పంచుతారు. మేమందరం గెలిచాం అని నోటితో అనడం తేలిక. పట్టికలో ఒక్క పేరే ఉందన్న సత్యాన్ని ఒప్పుకుని, దాని మీద వచ్చినదాన్ని విప్పి పంచడం వేరు. గెలిపించినవారి పేరు పదిమందిలో పలకడం కూడా పంపకమే.

నాల్గవది, ఆగుతాను అనే మాటకు మన ఇంట్లో చోటుందా? డబ్బు పంపలేను ఈ నెల, వంట్లో బాగాలేదు, నాకీ సంబంధం వద్దు, నాకీ చదువు వద్దు అని ఒకరు అంటే, మేమంతా పోతాం అని అరుస్తున్నామా? చెరొక పక్క పట్టుకుని నీళ్ళు చల్లి మళ్ళీ తొక్కిస్తున్నామా? పట్టుకోవడం మంచిదే. సైకిలు ఆపి, దింపి, నీడకు చేర్చిన తరువాత పట్టుకోండి.

వచ్చే ఆదివారం పూజ ముగిసి ఇంటికి వచ్చి అందరూ కలిసి భోజనానికి కూర్చున్నప్పుడు, మీ ఇంటి గెలుపులు ఒక్కొక్కటీ లెక్కించండి. ఒకరి ఉద్యోగం, ఒకరి డిగ్రీ, ఒకరి పెళ్ళి, కట్టుకున్న ఇల్లు. ప్రతిదాని వెనుకా ఆ రోజు గాలికి ఎదురు నిలిచినది ఎవరో పిల్లలకు పేరుపెట్టి చెప్పండి. ఆ మనిషి ఆ బల్ల దగ్గరే ఉంటే వారి ముఖం చూస్తూ చెప్పండి. తరువాత ఒక్క మాట అడగండి: ఇప్పుడు ఎవరి వంతు?